సున్నం తగిలిన ఆఫీసు

రాష్ట్రంలో నిప్పుకి ఒక శాఖ ఉంది, నీటికి రెండున్నాయి, గాలి సంగతి చూసుకోవడానికి ఒక మండలి ఉంది. బూడిదకి మాత్రం దిక్కూ మొక్కూ లేదని ఎవరో పెద్దమనిషికి ఒకనాడు జాలేసింది. అలా పుట్టింది బూడిద సద్వినియోగ మండలి. నల్లమెట్ట థర్మల్ కేంద్రం పొగగొట్టాల కింద, గాలి ఎటు వీచినా బూడిద వచ్చి పడే చోటు చూసి మరీ దానికి ఆఫీసు కట్టారు. పొద్దున వచ్చిన గుమస్తా బల్ల మీద వేలితో తన పేరు రాసుకుంటే, సాయంత్రానికి ఆ పేరు పూడిపోయేది. మర్నాడు మళ్లీ రాసుకునేవాడు. కొందరికి ఉద్యోగం మొత్తం మీద అదే రాతపని.

మండలి చేసిన మొట్టమొదటి తీర్మానం ఒక సామెత మీద. 'బూడిదలో పోసిన పన్నీరు' అన్న మాట సంస్థ ఆశయాలకు విఘాతకరం కనుక, ఆవరణలో దానిని ఎవరూ ఉచ్చరించరాదని గేటు దగ్గర పెద్ద బోర్డు పెట్టారు. ఆ సామెత ఎన్నడో మరిచిపోయినవాళ్లకి కూడా బోర్డు చూడగానే గుర్తొచ్చేది.

ఇంత మండలిలోనూ బూడిదని నిజంగా చేత్తో ముట్టుకునే మనిషి ఒక్కతే. ఆమె పేరు బొడ్డేటి సత్యవేణి, ప్రయోగశాలలో కెమిస్టు. బొగ్గు కాలాక గొట్టంలోకి ఎగిరే మెత్తటి బూడిదకి నీళ్లు పోస్తే బురదవుతుందే తప్ప గట్టిపడదు. దానికి సున్నం తోడైతే మాత్రం మెల్లగా బిగిసి రాయవుతుంది. ఆ రెంటినీ పాళ్లు చూసి సిమెంటులో కలపడం, చిన్న చిన్న దిమ్మలు పోయడం, వాటిని నీళ్లలో నానబెట్టడం, ఆనక మిషన్లో పెట్టి అవి పగిలేదాకా నొక్కి బలమెంతో చూడటం సత్యవేణి పని. దిమ్మలు బాగా నిలబడ్డాయి. ఇక వాటితో పనికొచ్చేది ఒకటి కట్టి చూపించాలని ఆమె పంతం. ఆ కట్టేదేమిటో ఎప్పుడో తేల్చుకుంది కూడా.

ఆఫీసు వెనకాల, థర్మల్ కేంద్రం బూడిదని నీళ్లతో కలిపి వదిలే బూడిద చెరువు నుంచి పొర్లి వచ్చే కాలువ ఒకటుంది. కాలువకి అటు మెట్టపాలెం, ఇటు బడి, రెంటికీ మధ్య ఒక తాటిదుంగ. ఎండాకాలం పిల్లలు దాని మీంచి నడిచి వచ్చేస్తారు. వానలు మొదలైతే దుంగ జారుతుంది, కాలువ ఉరకలేస్తుంది, మెట్టపాలెం పిల్లల చదువు దసరా దాటేదాకా అటకెక్కుతుంది. ఆఫీసు క్యాంటీన్ నడిపే నూకాలమ్మ మనవరాలు పావని కిందటేడు ఆ దుంగ మీంచి జారింది. పుస్తకాల సంచి కొట్టుకుపోయింది. పిల్ల జుట్టు ఎవరి చేతికో దొరికింది కాబట్టి బతికింది.

"ఈ వానలకి ముందే కల్వర్టు పోసేస్తాం పిన్నీ" అని సత్యవేణి నూకాలమ్మకి మాటిచ్చింది. ఇచ్చిన దగ్గర్నుంచి ఆమె మబ్బు కనిపిస్తే వేళ్లు మడిచి రోజులు లెక్కపెడుతోంది.

బూడిద కావలసినంత ఉంది. సిమెంటు, కంకర, ఇనుప చువ్వలు వచ్చాయి. సున్నం బస్తాలు కూడా గోడౌన్లోనే ఉన్నాయి గాని, వాటిని బయటికి తియ్యాలంటే సూపరింటెండెంటు ముకుందం గారి సంతకం కావాలి. ముకుందం గారి బల్ల మీదికి ఫైళ్లు వచ్చేవే గాని వెళ్లేవి కావు. "ఫైలంటే ఆవకాయ లాంటిదమ్మా, ఊరాలి" అనేవారాయన. సత్యవేణి ఫైలు ఊరడం మొదలై అప్పటికే చాలా కాలమైంది.

ఇలా ఉండగా, ఎండలు ముదురుతున్న రోజుల్లో డైరెక్టర్ త్రివిక్రమరావు గారు సమీక్షా సమావేశం పెట్టారు. ఆయన పొడుగ్గా, తెల్లగా, ఇస్త్రీ చెడకుండా ఉంటారు. మామూలు మాట కూడా ఆయన నోట్లోంచి ఉత్తర్వులాగే వస్తుంది.

"సాంకేతిక విభాగము వారు తమ పురోగతిని సామాన్యునికి, అనగా నాకు, అవగతమగు రీతిలో నివేదించవలసినది" అన్నారు.

సున్నం సంగతి ఇప్పుడే కదపాలనుకుని సత్యవేణి బూడిద సీసా పట్టుకుని లేచింది. సామాన్యుడికి అర్థమయ్యేలా చెప్పబోయి, జన్మలో చెప్పకూడని మాట చెప్పింది.

"బూడిద వట్టి సోమరిది సార్. లోపల బలముంది గాని తనంతట తాను లేవదు. సిమెంటులో క్లింకర్ అని అసలు సరుకొకటి ఉంటుంది, కష్టమంతా దానిదే. బూడిద దాని పక్కన ఊరికే కూర్చుంటుంది. కాస్త సున్నం తగిలిందా, ఉలిక్కిపడి లేచి పని మొదలెడుతుంది."

సరిగ్గా అప్పుడే వెనక వరసలో గుమస్తా కూర్మారావు గురక పెట్టాడు. కూర్మారావు మంచివాడే. ఎవరి జోలికీ పోడు, ఏ పని జోలికీ పోడు. డైరెక్టర్ గారు కూర్మారావు వంక చూశారు. సత్యవేణి చేతిలోని బూడిద సీసా వంక చూశారు. మళ్లీ కూర్మారావు వంక చూశారు. ఆ చూపు సత్యవేణికి నచ్చలేదు.

"ఈ సూత్రము బూడిదకే పరిమితమా?" అని అడిగారాయన.

"సార్?"

"జడపదార్థమును చైతన్యవంతము గావించు ప్రక్రియ, జడసిబ్బంది విషయమున ఏల వర్తించరాదు?"

"సార్, అది రసాయనిక చర్య."

"పాలన కూడా రసాయనిక చర్యయే" అని ఆయన సమావేశం ముగించి, పోతూ పోతూ ఆమె దగ్గరున్న సిమెంటు పుస్తకం పట్టుకుపోయారు.

మర్నాడు ఉత్తర్వు వచ్చింది. 'మిశ్రమ సిబ్బంది ఉత్తేజన పథకం' అని దాని పేరు. మంచి సిమెంటు ఎట్లు తయారగునో మంచి ఆఫీసు కూడా అట్లే తయారగును గాన, సిబ్బంది అందరినీ క్లింకర్, బూడిద, జిప్సం, సున్నం అను నాలుగు తరగతులుగా విభజించి, నలగగొట్టి, కలిపి, నానబెట్టి, బలపరీక్ష చేయవలెనని అందులో ఉంది.

క్లింకర్, అంటే కష్టపడే సరుకు, కింద ఇద్దరే తేలారు, సత్యవేణీ, ఊడ్చే మనిషీ. బూడిద కింద తక్కిన ఆఫీసంతా చేరింది. ఎవరూ నొచ్చుకోలేదు. కూర్మారావు తన తరగతి బిళ్ల చొక్కాకి తగిలించుకుని, అది చల్లగా తగులుతోందని చెప్పి మళ్లీ పడుకున్నాడు.

జిప్సం సంగతికొస్తే, ముకుందం గారు తనే వచ్చి అడిగారు. సిమెంటులో జిప్సం లేకపోతే నీళ్లు తగిలీ తగలకముందే అది మేస్త్రీ చేతిలోనే గడ్డకట్టేస్తుందట. ఆ గట్టిపడటాన్ని కాసేపు ఆపేది జిప్సమే. పుస్తకంలో ఆ పేజీ చదివేసరికి ఆయన కళ్లు చెమర్చాయి.

"ఇన్నేళ్లూ నన్ను ఆలస్యం మనిషన్నారమ్మా" అని సత్యవేణితో అన్నారు. "జిప్సాన్నని నాకు మాత్రం ఏం తెలుసు?"

డైరెక్టర్ గారు ఏ తరగతి అన్న ప్రశ్న ఎవరూ అడగలేదు. ఆయనే చెప్పారు. "దేని స్పర్శ లేనిదే ఇవేవియు గట్టిపడజాలవో, ఆ నీరమును నేను."

ఇక సున్నం దొరకాలి. సున్నపురాయి మీద నీళ్లు చల్లితే బుసబుసా పొంగుతుంది కాబట్టి, ఎవరి మీద నీళ్లు చల్లితే పొంగుతారో వారే సున్నమని డైరెక్టర్ గారు నిర్ణయించారు. ముకుందం గారు చెంబు పట్టుకుని ఒక్కొక్క బల్ల దగ్గరికీ వెళ్లి ముఖాన చిలకరించారు. గుమస్తాలు జేబురుమాలు తీసి తుడుచుకుని ఊరుకున్నారు. ఒకాయన నమస్కారం పెట్టాడు. చివరి చిలకరింపు గురితప్పి, అప్పుడే టీ పళ్లెంతో లోపలికొస్తున్న నూకాలమ్మ మీద పడింది.

"ఎవుడ్రా అది?" అంది నూకాలమ్మ. "మతి గాని పోనాదేటి? టీలో నీల్లు నాను కలపనేటి, మద్దినొచ్చి నువ్వు కలపడానికి? ఆ సెంబిలా తే, నీ నెత్తి మీద బోర్లిస్తాను."

"పొంగినది" అన్నారు డైరెక్టర్ గారు పరమానందంగా. "సున్నముగా నమోదు చేయుడు."

అలా పథకం మొదలైంది. ముందు మెత్తదనం పరీక్ష. సిమెంటు సరుకు జల్లెడలోంచి దిగాలి కాబట్టి వరండాలో ఒక ఇనపచట్రం నిలబెట్టి, సిబ్బందిని అందులోంచి దూరమన్నారు. దూరలేక జల్లెడ మీద మిగిలిన వాళ్లని మళ్లీ నలగగొట్టాలి. ఎలా నలగగొట్టాలో తెలియక నియమావళి అధ్యాయాలు గట్టిగా చదివి వినిపించారు. రెండో అధ్యాయానికే అందరూ బాగా నలిగారు.

తర్వాత కలపడం. సిబ్బందిని హాల్లో కూర్చోబెట్టి గంటకోసారి కుర్చీలు మార్చారు. ఆ పైన సున్నం తగిలించడం. నూకాలమ్మ కెటిలు పట్టుకుని బల్ల బల్లకీ తిరుగుతూ, ఇన్నాళ్లూ కడుపులో దాచుకున్నదంతా ప్రభుత్వ హోదాలో చెప్పడం మొదలెట్టింది.

"కూర్మారావు బాబూ, ఆ కుర్సీకి గాని అంటు కట్టీసినారేటి నిన్ను? లెగు. లెగిసి ఏదో ఒక కాయితం సూడు. లెగకపోతే సున్నంలోకి ఎముక మిగల్దు, సెప్తన్నాను."

కూర్మారావు లేచాడు. చాలా ఏళ్ల తర్వాత లేచినవాడు కావడంతో చుట్టూ కొత్తగా చూశాడు. "ఏం పని చెయ్యాలి?" అని అడిగాడు. ఆ ప్రశ్న ఆఫీసులో అంతకు ముందెవరూ అడిగి ఉండలేదు. ముకుందం గారు నియమావళి తిరగేశారు. చివరికి పక్క బల్ల ఆయనకి ఉత్తరం రాయమన్నారు. పక్క బల్ల ఆయన కూడా లేచి ఉన్నాడు కాబట్టి జవాబు రాశాడు. వారం తిరిగేసరికి ఆఫీసంతా ఒకరికొకరు ఉత్తరాలు రాసుకుంటూ ఊపిరి సలపనంత పనిలో పడింది. డైరెక్టర్ గారు ఆ శబ్దం వింటూ కళ్లు మూసుకుని ఆనందించారు.

ఆఖరుది నానబెట్టడం. పోసిన సిమెంటు మీద తడి గోనెపట్టా కప్పి, ఇరవై ఎనిమిది రోజులు ఆరనివ్వకుండా చూడాలని పుస్తకంలో ఉంది. గోనెపట్టాలు వచ్చాయి. సిబ్బంది భుజాల మీంచి కప్పుకుని కూర్చున్నారు. రెండు పూటలా తోటమాలి వచ్చి పూలమొక్కలకి తడిపినట్టు తడిపి వెళ్లేవాడు. బయట రోళ్లు పగిలే ఎండ. తడి గోనె కింద కూర్మారావుకి జీవితంలో ఎరగనంత చల్లటి నిద్ర పట్టింది. అతనికే కాదు, మొత్తం బూడిద తరగతికి పట్టింది. ఉత్తరాలు ఆగిపోయాయి.

"నిద్రపోతున్నారు సార్" అంది సత్యవేణి.

"పైకి నిద్ర. అంతర్గతముగా చర్య జరుగుచున్నది" అన్నారు డైరెక్టర్ గారు. "బూడిద మందగతిన బలపడునని మీ పుస్తకమే ఘోషించుచున్నది."

పుస్తకంలో నిజంగానే అలా ఉంది. సత్యవేణి ముకుందం గారి దగ్గరికి వెళ్లి సున్నం ఫైలు అడిగింది. ఆయన గోనె సర్దుకుని, "నిన్నటిదాకా నా స్వభావం కొద్దీ ఆపానమ్మా. ఇప్పుడు ఉత్తర్వు ప్రకారం ఆపుతున్నాను. నాదేం లేదు" అన్నారు ఎంతో ప్రేమగా.

క్యాంటీన్ వెనక నూకాలమ్మ గిన్నెలు తోముతోంది. ఆకాశానికి పడమటి పక్క ఒక నల్లటి చార కనిపించింది.

"మబ్బట్టింది అమ్మా" అంది నూకాలమ్మ, అటు చూడకుండానే. "బడి తెరిసీ రోజులొచ్చేత్తన్నాయి. నువ్వు మాటిచ్చినావని పిల్లకి కొత్త సంచి కొన్నాను. దుంగ మీద పంపనుగాక పంపను. ఈ ఏడూ ఇంటికాడే ఉంటాదనుకో. ఆడపిల్ల ఒకసారి సదువు మానితే మరెల్లదు."

ఆమె కోపంగా అనుంటే సత్యవేణికి అంత బాధ ఉండేది కాదు. ఆఫీసుని అంత అదరగొట్టే సున్నం తన దగ్గర చల్లగా మాట్లాడేసరికి ఆమెకి సిగ్గేసింది, ఏడుపూ వచ్చింది. ఇదంతా తన నోటి నుంచి జారిన ఒక్క పోలిక వల్ల వచ్చిన తంటా. సరే, నోటితో పోయింది నోటితోనే రావాలనుకుంది.

అవకాశం మర్నాడే దొరికింది. పథకం ఖ్యాతి విని ప్రధాన కార్యాలయం వాళ్లు సిబ్బంది బలం కొలవడానికి పరీక్షాధికారిని పంపుతామన్నారు. బలం ఎలా కొలుస్తారో డైరెక్టర్ గారికి తెలియదు. దిమ్మల్ని నొక్కే మిషన్లో కూర్మారావు పడతాడేమో చూడమని సత్యవేణిని అడిగారు.

"పట్టడు సార్" అంది సత్యవేణి. తర్వాత ఆయన భాషలోకే దిగింది. "అయినను, సిమెంటు బలము బస్తాలో తెలియదు సార్. ఒక నిర్మాణమందు నియోగించినప్పుడే తెలియును. మిశ్రమ సిబ్బందిచే ఒక పరీక్షా నమూనా నిర్మింపజేసినచో, నమూనా బలమే సిబ్బంది బలము."

"ఎట్టి నమూనా?"

"చిన్న కల్వర్టు చాలు సార్. వెనక కాలువ మీద."

డైరెక్టర్ గారు ఆమెకేసి కొత్త గౌరవంతో చూశారు. తన భాష మాట్లాడే మనిషి ఆయనకి అంతవరకూ తగలలేదు. అక్కడికక్కడే ఆమోదించారు.

మిగిలింది జిప్సం. సత్యవేణి డైరెక్టర్ గారి దగ్గర పుస్తకం అడిగి తీసుకుని ముకుందం గారి ముందు కూర్చుంది. "బాబాయిగారూ, జిప్సం గట్టిపడటాన్ని కాసేపే ఆపాలి. మేస్త్రీ పని ముగించుకునేంత సేపు. ఎప్పటికీ ఆపితే అది జిప్సం కాదు, మట్టి. చూడండి, ఇక్కడుంది."

ముకుందం గారు ఆ వాక్యం చాలాసేపు చదివారు. జీవితంలో మొదటిసారి దొరికిన హోదా మట్టి కావడం ఆయనకి ఇష్టం లేదు. టీ వేళ దాకా నిష్ఠగా ఆపి, టీ తాగాక కప్పు కింద పెట్టి సంతకం చేశారు. ఆ సంతకం ఎలా ఉంటుందో చాలామంది అప్పుడే చూశారు.

కల్వర్టు పోసిన రోజు ఆఫీసంతా గోనెలు తీసేసి కాలువ గట్టున చేరింది. సత్యవేణి సున్నం, బూడిద, సిమెంటు పాళ్లు చూసి కలిపించింది. మేస్త్రీ ముందే కట్టి ఉంచిన పక్కగోడల మీద చువ్వలు పరిచాడు. బూడిద తరగతి వరసగా నిలబడి గమేళాలు అందించింది. మధ్యలో ఎవడైనా ఆగితే నూకాలమ్మ నోరు తగిలేది. కూర్మారావు ఖాళీ గమేళా నెత్తిమీద పెట్టుకుని నిలబడే కునికిపాట్లు పడుతుంటే, "అది టోపీ కాదు నాయనా, ఎనక్కివ్వు" అందామె.

అంతా బాగా సాగుతుండగా డైరెక్టర్ గారు వెండిచెంబుతో దిగారు. వెంట ఫోటోగ్రాఫర్. నీటి తరగతివారు నీరు పోయకుండా నమూనా ఎలా పూర్తవుతుందని ఆయన చెంబు వంచారు. ఫోటో సరిగా రాలేదు. మళ్లీ వంచారు. తన తరగతి బిళ్ల ఫోటోలో కనిపించలేదని ఇంకోసారి. తడి మిశ్రమం పలచబడి అంచుల్లోంచి జారడం సత్యవేణి కళ్లారా చూసింది. నీళ్లెక్కువైతే కల్వర్టు పిండిపిండిగా తేలుతుంది. ఆ పిండి మీద పావని నడవాలి.

"సార్, ఇక చాలు. నీళ్లు ఎక్కువైతే బలం చచ్చిపోతుంది" అంది.

గట్టు మీద గమేళాలు ఆగిపోయాయి. కూర్మారావు కూడా మేలుకున్నాడు.

"నేను ఎక్కువైతినందువా?" అన్నారు డైరెక్టర్ గారు.

సత్యవేణికి తన ఉద్యోగం గుర్తొచ్చింది. అయినా చెప్పింది. "కొలత దాటితే సార్."

ఆయన ఏమనేవారో గాని, నూకాలమ్మ మధ్యలోకొచ్చి చెంబు ఆయన చేతిలోంచి తీసేసుకుంది. "ఎండలో నిలబడిపోనారు బాబూ, ఆ మిగిలిన నీల్లు తాగీసి నీడకెల్లండి." ఆయన తాగారు, వెళ్లారు. పలచబడ్డ భాగాన్ని సత్యవేణి తవ్వించి పారబోయించి, కొత్తగా కలిపించి పోయించింది. సిబ్బంది గోనెపట్టాలన్నీ ఈసారి కల్వర్టు మీద కప్పారు. అవి ఉండవలసిన చోటు అదే కాబట్టి అది చక్కగా బిగిసింది.

బడి తెరవడానికి ముందురోజు పరీక్షాధికారి శేషశయనం గారు వచ్చారు. సన్నటి మనిషి, సన్నటి గొంతు, చంకలో నియమావళి. కల్వర్టు చుట్టూ తిరిగి, చేత్తో తట్టి, "దీనిని ఏమని నమోదు చేసినారు?" అని అడిగారు.

"పరీక్షా నమూనా" అన్నారు డైరెక్టర్ గారు గర్వంగా.

"మంచిది. నమూనా బలమును దానిని భగ్నము చేయుట ద్వారా మాత్రమే నిర్ధారించవలెను. పగులునంతవరకు బరువు పెట్టుడు."

సత్యవేణికి నెత్తిన పిడుగు పడ్డట్టయింది. దిమ్మల్ని రోజూ తన చేత్తో నలిపి పగలగొట్టే మనిషి, కల్వర్టుకి 'నమూనా' అని పేరు పెట్టేటప్పుడు ఆ సంగతే మరిచిపోయింది. అది కల్వర్టు సార్ అంది, పిల్లలు రేపు దాని మీద నడవాలి అంది. శేషశయనం గారు నియమావళిలో వెతికి, పిల్లల ప్రస్తావన లేదన్నారు.

బరువుకి ఏం పెట్టాలన్న ప్రశ్న వచ్చింది. ఆఫీసులో అన్నిటికంటే బరువైనవి ఫైళ్లు. బీరువాలకి బీరువాలు మోసుకొచ్చి కల్వర్టు మీద పేర్చారు. ముకుందం గారు ప్రతి కట్టనీ సాగనంపుతూ, "ఇది ఇంకా ఊరలేదు" అంటూ కంటతడి పెట్టుకున్నారు. కల్వర్టు కదల్లేదు. బల్లలు తెచ్చారు, కుర్చీలు తెచ్చారు. అంతలో తొలకరి దబదబా మొదలైంది. "మేలు, తడిసిన ఫైలుకు బరువధికము" అన్నారు శేషశయనం గారు గొడుగు కింద. ఫైళ్లు తాగగలిగినంత తాగి మిగతాది కాలువలోకి సిరాగా వదిలాయి. కల్వర్టు మీద చిన్న గీటు కూడా పడలేదు. ఒడ్డున కొంగు కప్పుకుని నిలబడ్డ నూకాలమ్మ పెదవులు కదులుతున్నాయి. దండం పెడుతోందో తిడుతోందో తెలియలేదు.

చివరికి ఆఫీసులో మిగిలింది డైరెక్టర్ గారొక్కరే. ఆయన వెనకాడలేదు. తడిసిన ఫైళ్ల గుట్ట మీదికి ఎక్కి, శిఖరాన నిలబడి చేతులు కట్టుకున్నారు. కల్వర్టు ఆయనని కూడా మోసింది.

శేషశయనం గారికి ఇబ్బంది వచ్చిపడింది. "నమూనా పగలనందున ఫలితము నమోదు చేయజాలను. ఫలితము లేనిదే పరీక్ష ముగించజాలను. పరీక్ష ముగియనిదే నేను వెళ్లజాలను" అన్నారు. ఆయన సాయంత్రం రైలు పోయేలా ఉంది. గొంతు మరీ సన్నబడింది.

సత్యవేణి తలెత్తింది. "పరీక్షని కొనసాగించవచ్చా సార్? పగిలేవరకూ?"

"నిరవధికముగా కొనసాగించవచ్చును. నియమమున్నది."

"అయితే ఈ స్థిరమైన బరువులు తీసేసి, కదిలే బరువులు వాడదాం సార్. పొద్దున ఒకసారి అటు నుంచి ఇటు, సాయంత్రం ఒకసారి ఇటు నుంచి అటు. బడి రోజుల్లో మాత్రం. బరువులు మెట్టపాలెంలో సిద్ధంగా ఉన్నాయి."

శేషశయనం గారు నియమావళి తిరగేశారు. కదిలే బరువుల ప్రస్తావన ఉంది. వాటి వయసు, చదువు గురించి అభ్యంతరం ఏదీ లేదు. అక్కడే నిలబడి ఉత్తర్వు రాసి, ఫైళ్ల గుట్ట మీదున్న డైరెక్టర్ గారికి సంతకానికి అందించి, రైలుకి పరిగెత్తారు.

మర్నాడు పొద్దున వాన జోరుగా ఉంది. తాటిదుంగ రాత్రే కొట్టుకుపోయింది. కాలువ గట్టుల్ని ఒరుసుకుంటూ పారుతోంది. అవతల ఒడ్డున పిల్లలు యూరియా సంచులు నెత్తిన కప్పుకుని గుంపుగా నిలబడ్డారు. వాళ్ల వెనక నూకాలమ్మ ఉంది. ఇవతల ఒడ్డున గొడుగు పట్టుకుని, కళ్లు పూర్తిగా తెరుచుకుని, కూర్మారావు ఉన్నాడు. అతని చొక్కాకి 'భార పర్యవేక్షకుడు' అని కొత్త బిళ్ల ఉంది. సర్వీసులో మొదటిసారి అతనికి ఒక పని దొరికింది.

"బరువులు రావొచ్చు" అని కేకేశాడు.

బరువులు వచ్చాయి. కొన్ని పరిగెత్తాయి, కొన్ని మధ్యలో ఆగి కాలువలోకి తొంగిచూశాయి. అన్నిటికంటే వెనగ్గా కొత్త సంచి వేసుకుని పావని వచ్చింది. అలవాటు కొద్దీ ఒక కాలు పెట్టి చూసుకుంది. తర్వాత రెండోది పెట్టి, ఇవతల సత్యవేణి నిలబడ్డ చోటి దాకా నడిచి వచ్చింది. సత్యవేణికి ఆ పిల్లని ఎత్తుకోవాలనిపించింది గాని, పరీక్ష బరువుని అలా ఎత్తుకోవచ్చో లేదో తెలియక ఊరుకుంది. అవతల ఒడ్డున నూకాలమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. వాన మూలంగా అది ఎందుకో ఎవరూ అడగలేదు.

పావని కూర్మారావు గొడుగు కిందికి దూరి, కల్వర్టు వైపు వేలు చూపించింది. "తాతా, ఇది ఎప్పుడు పగుల్తాది?"

"అలా అనకమ్మా" అన్నాడు కూర్మారావు కంగారుగా. "ఇది పగిలితే పరీక్ష అయిపోద్ది. పరీక్ష అయిపోతే నా పోస్టు పోద్ది."

ఆ రోజు నుంచి అతను రోజూ పొద్దునా సాయంత్రం కల్వర్టుని చుట్టూ తిరిగి చూసుకుంటాడు. ఎక్కడైనా నాచు పడితే గీకుతాడు, లారీలు రాకుండా అడ్డంగా నిలబడతాడు. ఆనక ఆఫీసుకి వెళ్లి, ప్రధాన కార్యాలయానికి ఒకే వాక్యం పంపిస్తాడు. 'నమూనా నేటికిని విఫలము కాలేదు. పరీక్ష కొనసాగుచున్నది.'